పొయ్యి ఎవరు వెలిగించాలి

ఆ వంటింట్లో రెండు సింకులు చూసినప్పుడే నాకు ఒళ్ళు మండింది.

కెనడాలోని విన్నిపెగ్‌లో యూదు వృద్ధులు ఉండే హోమ్ అది. క్లాసులు లేని రోజుల్లో చేసుకోవడానికి అక్కడి వంటింట్లో పార్ట్‌టైమ్ దొరికింది. ఆచారం ఎక్కడా తప్పకుండా చూసే ఒక పెద్దావిడ మొదటి రోజు నన్ను వంటిల్లంతా తిప్పి చూపించింది. వాళ్ళ ఆచారంలో మాంసం, పాలు కలవకూడదట. మాంసానికి ఒక సింకు, పాలకు ఒక సింకు. గిన్నెలు వేరు, గరిటెలు వేరు, చివరికి తుడిచే గుడ్డలు కూడా వేరు. అన్నీ చూపించి స్టవ్ దగ్గర ఆగింది. ఇది మాత్రం నువ్వు వెలిగించకూడదు, నేనే వెలిగిస్తాను అంది.

మిగతావన్నీ తలూపుతూ విన్నాను. ఆ ఒక్క మాట మాత్రం ముల్లులా దిగింది.

వేరు గిన్నెలంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా అమ్మ చిన్నప్పుడు ఊరి టీ కొట్టులో మా పేటవాళ్ళ గ్లాసులు చూరులో విడిగా పెట్టేవారట. పాత కథ పోనీలే అనుకుందామంటే, నేను కళ్ళారా చూసింది ఇంకొకటి ఉంది. నేను బళ్ళో చదివేటప్పుడు అక్కడ మధ్యాహ్న భోజనం వండే పని అమ్మకు వచ్చింది. అమ్మ తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళి సాంబారు కాచింది. మర్నాటి నుంచి ఊళ్ళో పిల్లలు ఒక్కొక్కరే ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఒకరికి కడుపునొప్పి, ఒకరికి మొక్కు. మిగిలిన సాంబారు గిన్నె అమ్మ నెత్తిన పెట్టుకుని పేటకు తిరిగొచ్చేది. మేమంతా తినేవాళ్ళం. ఎంత బాగుండేదో. ఇప్పటికీ ఆ వాసన గుర్తొస్తే నాకు ఆకలి వేయదు, కోపం వస్తుంది.

అందుకే ఒక శుక్రవారం, పెద్దావిడ సరుకులు దింపించుకోవడానికి వెనక తలుపు దగ్గరికి వెళ్ళినప్పుడు, స్టవ్ నేనే వెలిగించాను. మర్చిపోయి కాదు, కావాలనే. కోడిమాంసం, క్యారెట్, ఉల్లిపాయ వేసి సూప్ పెట్టాను. అది మరిగి ఘుమఘుమలాడుతుండగా ఆవిడ వచ్చింది. మూత తీసి చూసింది, మంట చూసింది, నన్ను చూసింది. ఇది వడ్డించడం కుదరదు అంది.

పార్ట్‌టైమ్ పోతే చలికాలంలో ఇంకొకటి దొరకడం కష్టమని తెలుసు. పోతే పోయింది. అడగకుండా మాత్రం ఊరుకోదలచుకోలేదు.

“నా చేతి వంట మీవాళ్ళు తినరా?”

“నీ చేతికేం? నిప్పు మాది కావాలి, అంతే. వెలిగించేది నేను, వండేది నువ్వు. అందరం తింటాం.”

“అంటే నేను మీదాన్ని కాననేగా?”

ఆవిడ నీళ్ళు నమలలేదు. అవును అంది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. వాళ్ళ పూర్వీకులను గ్రీకులు, ఆ తర్వాత రోమన్లు ఏలిన రోజుల్లో, అంగట్లో మాంసం చాలావరకు గుళ్ళలో బలి ఇచ్చిన జంతువులదేనట. ఏలేవాళ్ళు విందులో కూర్చుంటే ముందు తమ దేవుడికి కాస్త వైన్ ఒలికించి, ఆ తర్వాతే తాగేవారట. ఏలేవాళ్ళ పక్కన కూర్చుని తింటే వాళ్ళ దేవుడి విస్తట్లో చేయి పెట్టినట్టే. వీళ్ళు చూస్తే గుప్పెడు మంది. తిండి కలిస్తే మొక్కూ కలుస్తుంది, మొక్కు కలిస్తే ఇక తాము మిగలం అనుకున్నారు. వంటింటి చుట్టూ కంచె వేసుకున్నారు. రోమన్లు వీళ్ళ గుడి తగలబెట్టాక తినే బల్లే బలిపీఠం అయింది. అందుకే ఆవిడ శుక్రవారం జడలా అల్లే రొట్టెల పిండిలోంచి చిన్న ముద్ద తీసి ఓవెన్‌లో మాడ్చేస్తుంది. ఒకప్పుడు పూజారులకు ఇచ్చిన వాటాకు గుర్తు అది. బల్ల మీద రొట్టెను ఉప్పులో అద్దేది కూడా, ఆనాడు బలిపీఠం మీదికి ఏదీ ఉప్పు లేకుండా వెళ్ళేది కాదనే.

నాకిది బొత్తిగా కొత్త కాదు. విగ్రహాలకు పెట్టిన మాంసం తినాలా వద్దా అని తొలినాటి క్రైస్తవులు కొట్టుకున్న సంగతి మా పేట చర్చిలో విన్నదే. ఊళ్ళోవాళ్ళు గుడి ప్రసాదం ఎత్తిన చేతిలోంచి జారవిడిస్తే, మా నాయనమ్మ తీసుకుని పక్కన పెట్టేసేది. మీరు మా నీళ్ళు తాగరు, మీ దేవుడి పులిహోర నాకెందుకు అనేది.

బక్కవాడు తన చుట్టూ వేసుకున్న కంచె వేరు, బలిసినవాడు నా చుట్టూ వేసిన కంచె వేరు. అంతవరకు ఒప్పుకున్నాను. అయినా కంచె కంచే, నాకు గుచ్చుకుంది. ఆ మాట ఆవిడ మొహం మీదే అన్నాను. గుచ్చుకుంటుందని తెలుసు అంది. ఆవిడ సారీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆవిడ ఇంకో పొయ్యి వెలిగించింది. ఇంకో కోడి, అదే ఉప్పు, అదే చేయి. మళ్ళీ వండాను. ఆ పూట మామ్మలూ తాతలూ గిన్నెలు నాకేశారు. పెద్దావిడ నిలబడే రెండుసార్లు పోసుకుని తాగింది.

మొదట వండిన సూప్ డబ్బాల్లో పోసుకుని బస్సులో ఇంటికి తెచ్చాను. మేం నలుగురం తెలుగు అమ్మాయిలం ఒక బేస్‌మెంట్‌లో ఉంటున్నాం. వాళ్ళలో ఒకమ్మాయిది మా జిల్లానే. పరిచయమైన రోజే “మీ ఇల్లు ఊళ్ళోనా అక్కా, పేటలోనా?” అని అడిగింది. పేటలోనే అన్నాను. అప్పటి నుంచి నా వంతు వంట రోజున ఆ అమ్మాయికి ఏదో ఒక అడ్డు వస్తుంది. తన కుక్కర్ విడిగా అలమరలో దాచుకుంటుంది.

సూప్‌లో మిరియాలు దంచి వేసి, వేడి చేసి, గిన్నె బల్ల మధ్యలో పెట్టాను. శుక్రవారం నాన్‌వెజ్ తినను అక్కా అంది ఆ అమ్మాయి. కిందటి శుక్రవారం మాతో కూర్చుని చికెన్ వింగ్స్ తిన్నది.

నేను స్టవ్ ఆపేశాను.

“ఇప్పుడు నువ్వు ఆన్ చెయ్యి. నీ స్టవ్ మీద మళ్ళీ వేడి చేస్తా. తింటావా?”

“స్టవ్‌కీ దీనికీ ఏంటక్కా సంబంధం?”

“మరి దేనికి సంబంధమో నువ్వే చెప్పు. గిన్నె మార్చనా? నీ కుక్కర్‌లో వండనా? ఏం చేస్తే నా వంట తింటావు?”

ఆ అమ్మాయి ఫోన్ వైపు చూసుకుంది. పెద్దావిడకు ఒక అగ్గిపుల్ల చాలింది. మావాళ్ళకు మాత్రం నేను ఇంకో కడుపున పుట్టి రావాలి.

మిగతా ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఒకమ్మాయి మెల్లగా, గొడవెందుకక్కా, గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టేద్దాం అంది.

మా అమ్మ అలాగే తీసింది. తీసి నెత్తిన పెట్టుకుంది. నేను గిన్నె మీద చేయి కూడా వెయ్యలేదు. కూర్చుని, ఒక గరిటె పోసుకుని తాగాను. మిరియాలు గొంతులో మండాయి. ఇంకో గరిటె పోసుకున్నాను.

ఆ అమ్మాయి లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. గిన్నె ఉన్నచోటే ఉంది.