ఇరుకు స్లాటు, డెబ్భై ఒక్క ముఖాలు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసిన రోజు ఆపడానికి ఎవరూ రాలేదు. లెక్కల మాస్టారు ఒక్కరే గేటు దాకా వచ్చారు, నిజంగానే వెళ్తున్నానో లేదో చూసుకోవడానికి. ఆ ఏడు మా క్లాసు లెక్కల్లో బాగుపడిందని తర్వాత విన్నాను. ఈ కథ నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ నేనే చెబుతుంటాను.

అలాంటివాణ్ని ఇప్పుడు చిలకలూరిపేటలో లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. మధ్యలో మూడేళ్లు పత్తి మిల్లులో పనిచేశాను, ఆ తర్వాత ఒక రిపేరు షాపులో స్క్రూలు విప్పుతూ ఈ పని పట్టుకున్నాను. ఇక్కడ ఏ లాప్‌టాప్ విప్పినా ఫ్యానులో పత్తి నూగే. తీసి కస్టమరు చేతిలో పెట్టి, "ఇంకో రెండు తెస్తే దిండు కుట్టించుకోవచ్చండి" అంటాను. పని రాని చోట నోరు ఆదుకుంటుందని నాకు పెద్ద నమ్మకం.

మా వీధి చివర ఫ్లెక్సీలు డిజైన్ చేసే అక్క ఉంది. వాళ్ల తాత పరుపులకు దూది ఏకేవాడు. ఆవిడ పదేళ్లు వేరేవాళ్ల షాపులో పనిచేసి, ఈ మధ్యే సొంతంగా బోర్డు పెట్టింది. "రెండు నెలల్లో తిరిగొస్తుంది, చూడండి" అని పాత ఓనరు ఊరంతా చెప్పుకుంటున్నాడు. అలాంటప్పుడు ఆవిడకు మొదటి పెద్ద పని వచ్చింది: మా హైస్కూలు పదో తరగతి పాత విద్యార్థుల కలయికకు నలభై అడుగుల ఫ్లెక్సీ. మా బ్యాచ్‌దే. నేను పదికి చేరలేదు గనక నా ముఖం అందులో లేదు. మిగతా డెబ్భై ఒక్కటీ ఉన్నాయి. మా వైపు ఫ్లెక్సీ అంటే ముఖాలే, అక్షరాలు ఖాళీ మిగిలితే వేస్తారు. ఒకడి ముఖం గుండ్రం పక్కవాడి గుండ్రం కంటే అంగుళం తగ్గితే వాడు భోజనానికి కూర్చోడు.

ఆ ఫైలు ఆవిడ లాప్‌టాప్‌కు భారమైతే నా దగ్గరికి తెచ్చింది. విప్పి చూశాను. మెమరీ మదర్‌బోర్డుకే అతికించేసి ఉంది, పెంచడానికి లేదు. అది చాలక సగం పని డిస్కు మీద పడుతోంది, ఆ డిస్కేమో ముసలిది. అంతవరకు బాగానే కనిపెట్టాను. కొత్త ఎస్ఎస్‌డీ డ్రైవు తెచ్చాను, అట్టపెట్టె మీద సెకనుకు ఏడు వేల ఎంబీ అని రాసి ఉంది. స్లాటులో చక్కగా కూర్చుంది. కూర్చుంది కదా అని స్పీడు టెస్టు కూడా చేయకుండా మూత బిగించేశాను.

"ఇక చూడక్కా, నువ్వు మౌస్ పట్టుకోకముందే ముఖాలు వరసలో నిలబడతాయి" అన్నాను.

మర్నాడు పదకొండింటికి ఫోను. "అబ్బాయ్, నీ వరస కదలట్లేదు. రా."

ప్రింటింగ్ మిషను వాడు రెండింటి దాకే ఆగుతానన్నాడట. ఆ తర్వాత మిర్చి కొట్ల బ్యానర్లు ఎక్కిస్తాడు. తెల్లారేసరికి ఫ్లెక్సీ బడి గేటు మీద ఉండాలి. లేకపోతే ఆ పని పాత ఓనరు దగ్గరికి పోతుంది, దాని వెంట ఆవిడ బోర్డూ పోతుంది.

వెళ్లేసరికి గదిలో ఎండ సెగ, స్క్రీను మీద తిరిగే గుండ్రం. టెస్టు పెట్టాను. ఏడు వేలు రావలసింది పదిహేడు వందల దగ్గర ఆగింది. మళ్లీ పెట్టాను, ఇంకా తగ్గింది. లేచాను, కూర్చున్నాను, గుమ్మం దాకా వెళ్లి వచ్చాను. మూడోసారి పెడితే మూడు వందలు. మూత మీద చెయ్యి పెడితే కాలింది.

"వైరస్ ఏమో చూద్దామక్కా" అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

"నీ ముఖం చూస్తే వైరస్‌లా లేదు. ఏం చేశావో చెప్పు."

ఆ లాప్‌టాప్ మోడలు వివరాలు ఫోనులో అప్పుడు వెతికాను. డ్రైవు నాలుగు దారుల్లో పరిగెత్తగలదు, ఈ బోర్డులో స్లాటుకు వేసినవి రెండే, అవీ పాత తరం దారులు. ఆకారం ఒకటే కాబట్టి కూర్చుంది. పైగా దాని మీదుగా గాలి ఆడే చోటే లేదు. వేడెక్కితే కాలిపోకుండా అదే వేగం తగ్గించుకుంటోంది. పత్తి మిల్లులో మూడేళ్లు చూసిందే ఇది. హైవే దాకా లారీలు బారులు తీరినా, లోపల గింజ తీసే జిన్ను మిషను ఎంత మింగితే అంతే. హారన్ కొట్టే డ్రైవర్లకు ఆ మాట వెటకారంగా చెప్పినవాణ్ని నేనే.

"తప్పు నాదేనక్కా. పెట్టె చూశాను, స్లాటు చూడలేదు" అన్నాను. ఆ రోజు నేను జోకూ బుకాయింపూ లేకుండా అన్న మొదటి మాట అది.

ఆవిడ గోడ గడియారం చూసింది. పన్నెండు దాటింది. "మా తాత దగ్గరికి బండెడు దూది తెచ్చి పడేసి, సాయంత్రానికి కావాలనేవాళ్లు. ఆయన ఒక్కో గుప్పెడే తీసి ఏకేవాడు. మూత విప్పు. ఫ్యాను ఇటు తిప్పు."

అడుగు మూత తీసి, లాప్‌టాప్‌ను రెండు అట్టముక్కల మీద నిలబెట్టి, ఫ్యాను గాలి దాని మీదికి పెట్టాను. ఆవిడ ఫైలును పదేసి అడుగుల నాలుగు ముక్కలు చేసింది. ప్రింటు ఎలాగూ ముక్కలుగానే తీసి అతికిస్తారు. ఒక్కో ముక్కే తెరిచింది. డ్రైవు చల్లబడింది, ఫైలు కదిలింది.

"అతుకు ఎవరి ముఖం మీద పడుతోందో చూడు. పడితే వాడు ఊరుకోడు" అంది. మూడో అతుకు నా పాత బెంచీవాడి ముక్కు మీద పడింది. వాణ్ని అంగుళం పక్కకు జరిపించాను. ఆవిడ జరుపుతుంటే కాసేపు వాడి బట్టతల చూస్తూ ఉండిపోయాను. ఆవిడ అది చూసి నాలుగో ముక్క తెరిచింది.

రెండుకు పది నిమిషాలుండగా నాలుగో ముక్క వెళ్లింది. ప్రింటింగ్ వాడు ఫోను చేసి "అందిందండి, ఎక్కిస్తున్నా" అన్నాక ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. నాకు నోరు తిరిగొచ్చింది.

"అంత పేరు, అంత పెట్టె. తీరా చూస్తే సగంలో ఆగిపోయే రకం ఈ డ్రైవు" అన్నాను.

ఆవిడ చెమట తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"దాన్ని అనకు. అది దారి చాలక ఆగింది. చదువు సగంలో వదిలిన నువ్వు, మాస్టారు గేటు దాకా వచ్చినా ఆగలేదు కదరా."