జుమ్మేరాత్ సాయంత్రం ఆపే కంప్యూటర్

మా గల్లీ మొదట్లో పెళ్లికార్డులు కంపోజ్ చేసే చాచా ఇక లేరు. గత నెలలో ఒక ఉదయం నేను డ్యూటీకి బయలుదేరుతుండగా ఆయన కొడుకు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "అన్నా, మా అబ్బా పొద్దుగాల నమాజుకు లేవలే," అన్నాడు. ఆ మధ్యాహ్నం అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి వేసి వచ్చాను. చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లాక, ఈ సంగతి చెప్పుకోవడానికి నాకున్న మనిషి ఆయనొక్కరేనని అర్థమైంది.

గౌలిపురలో మా ఇళ్ల మధ్య నాలుగడుగుల దూరం. నేను కంచన్‌బాగ్‌లో ఒక కర్మాగారం స్టోర్స్‌లో పని చేస్తాను. ఇంట్లో ఒక్కణ్ణే. కంప్యూటర్ల పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైనవి విప్పి, ఏ మర ఎక్కడిదో కాగితం మీద రాసుకుని, మళ్లీ బిగిస్తూ నేర్చుకున్నాను. చాచాకు ఆ కాగితాలంటే మహా వేడుక. "ఆయా హమారా స్టోర్‌కీపర్ సాబ్. ఏందివయా, చాయ్ తాగనీకె గూడ లిస్టు రాసుకొచ్చినవా?" అనేవారు. నిజానికి కొన్నిసార్లు రాసుకునే వెళ్లేవాణ్ణి. ఏం మాట్లాడాలో ముందే అనుకోకపోతే నాకు నోరు పెగలదు.

ఆయన కార్డులు తెలుగులోనూ ఉర్దూలోనూ చేసేవారు. అక్షరాలు పేర్చడం మొదలుపెట్టే ముందు వధూవరుల పేర్లను కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం దూరంగా పట్టుకుని, పైకి చదివేవారు. వచ్చినవాళ్లు "అదే చాచా" అనేదాకా కీబోర్డు ముట్టేవారు కాదు. "పేరు తప్పువడ్డ కార్డుకు పెండ్లికొడుకు గూడ రాడు బేటా," అన్నది ఆయన మాట. ఆయన వాడే కంపోజింగ్ ప్రోగ్రాం చాలా పాతది. ఉర్దూ అక్షరాలు ఒకదానిలో ఒకటి ఒదిగే తీరు ఆయనకు అందులోనే నచ్చేది. ఆ ప్రోగ్రాం ఆ పాత డెస్క్‌టాప్ మీద తప్ప కొత్త వాటి మీద నడవదు.

కొన్నేళ్ల కిందట ఆ డెస్క్‌టాప్ మొరాయించసాగింది. జనం ఫోన్లలో పెద్ద పెద్ద ఫొటోలు తెచ్చి కార్డు మీద వేయమనేవారు. ఒక్క ఫొటో తెరిస్తే చాలు, తెర బిగుసుకుపోయేది. కొడుకు కొత్తది కొందామన్నాడు. చాచా ఆ రోజు నాతో మెల్లగా అన్నారు: "కొత్తదాంట్ల నా అక్షరాలు రావు. ఇది పోతే దుకాన్ బంద్. దుకాన్ బంద్ అయితే నేనేం జెయ్యాలె, ఇంట్ల గూసొని గోడను జూడాల్నా?"

గోడను చూడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. డ్యూటీ దిగాక నేను కాసేపు కూర్చోగలిగిన గడప కూడా అదొక్కటే. "ర్యామ్ పెంచితే నడుస్తది చాచా," అన్నాను.

అప్పటిదాకా ఉన్నది ఒకే చిన్న ర్యామ్ ముక్క. దాన్ని తీసి, అదే రకానివి పెద్దవి రెండు తెచ్చి, రెండు స్లాట్లలోనూ పెట్టాను. స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. లోపలి నుంచి పొడుగ్గా, ఆగి ఆగి, బీప్ శబ్దం. చాచా నా ముఖం చూశారు.

"ఏమంటుందిరా అది?"

"ర్యామ్ దొరకలేదంటుంది చాచా."

"నువ్వు పెట్టినవు గదా. దానికి కండ్లు లెవ్వా?"

ఇలాంటప్పుడు ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. ముక్కలు రెండూ తీసి, మొదటిదాన్ని మొదటి స్లాట్లో పెట్టాను. నడిచింది. అదే స్లాట్లో రెండోది పెట్టాను. అదీ నడిచింది. అంటే ముక్కలు రెండూ మంచివే. రెండో స్లాట్లోకి మార్చితే మాత్రం ఏది పెట్టినా అదే బీప్. లోపం స్లాట్లో ఉంది. టార్చ్ వేసి చూస్తే సన్నని లోహపు పళ్ల మీద గోధుమరంగు జిగురు పొరలా పేరుకుని ఉంది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాను.

"చాచా, ఇది ఊదు వాసన."

ఊదు అంటే సాంబ్రాణి ధూపం. జుమ్మేరాత్, అంటే గురువారం, సాయంత్రం నమాజు వేళకు ఆయన నిప్పుల మీద ఊదు చల్లి దుకాణంలో మూలమూలకూ పొగ పట్టేవారని నాకు తెలుసు. మిగతా సంగతి అప్పుడు తెలిసింది. గల్లాపెట్టెకు ఒకసారి చూపిస్తే కంప్యూటర్‌కు రెండుసార్లు చూపించేవారట. పక్కరేకుకు చిల్లులున్న చోట నిప్పులున్న ధూపపాత్ర, ఊద్‌దాన్, పట్టుకుని నిలబడితే, లోపలి ఫ్యాన్ ఆ పొగనంతా పీల్చుకునేది. అది చూసి ఆయన సంతోషించేవారు.

"ఎంత మంచిగ గుంజుకుంటదో తెల్సా. నేననుకున్న, దీనికి గూడ ఇష్టమేనని."

"ఇష్టమే చాచా. గొంతుల పట్టుకున్నది."

ఆయన నవ్వీ నవ్వీ దగ్గారు. ర్యామ్ అంచులను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. స్లాట్‌ను స్పిరిట్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరేదాకా ఆగాను. రెండూ పెట్టి స్విచ్ వేస్తే ఒక్క చిన్న బీప్, వెంటనే తెర మీద వెలుగు. మొత్తం నాలుగు జీబీ పెట్టాను, కానీ ఆ పాత విండోస్ మూడూ చిల్లరే చూపించింది. అంతకు మించి అది లెక్కించలేదని నచ్చజెప్పబోయాను. చాచా ఒప్పుకోలేదు. "నాలుగు తెచ్చిన అన్నవు, మూడే గనవడ్తున్నయి. కసాయోని తరాజు నయం గదరా," అని వచ్చినవాళ్లందరితోనూ చెప్పి నన్ను నవ్వులపాలు చేశారు. ఫొటోలు మాత్రం తెరుచుకున్నాయి. దుకాణం నిలబడింది.

పొగ సంగతి మిగిలింది. "ఊదు ఆపుమంటవా?" అని అడిగినప్పుడు ఆయన గొంతులో నిజంగానే భయముంది. ఊదు ఆపనక్కరలేదని, ఆ సేపు కంప్యూటర్ ఆపి గుడ్డ కప్పితే చాలని చెప్పాను. ఆయన మాటిచ్చారు, తప్పలేదు. జుమ్మేరాత్ పొద్దుగూకే వేళకు ఎంత తొందర పనైనా పక్కన పెట్టేవారు. మిషన్ ఆపి, తన పాత రుమాలు దాని మీద కప్పేవారు. పొగ విరిగేదాకా దుకాణంలో పనిలేదు. అందుకే నన్ను పిలిచేవారు. "ఆజా బేటా. మిషన్ బంద్, ముచ్చట షురూ."

ఆ ముచ్చట్లలో గొప్ప సంగతులేవీ లేవు. ఏ కార్డులో ఏ మేనమామ తన పేరు పైన వేయమని లొల్లి పెట్టాడో ఆయన చెప్పేవారు. స్టోర్స్‌లో ఏ నట్టు ఎవరు ఎక్కడ పెట్టి మరిచారో నేను చెప్పేవాణ్ణి. ఆయన దాన్ని పెళ్లి కబురంత శ్రద్ధగా వినేవారు. కొన్నాళ్లకు నేను కాగితం రాసుకోకుండానే వెళ్లడం మొదలుపెట్టాను. చాచా అది గమనించారో లేదో, ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

చాచా పోయి నలభై దినాలు కాకముందే దుకాణం ఖాళీ చేయాల్సి వచ్చింది. కొడుకు కంప్యూటర్‌ను రెండు చేతులా మోసుకొచ్చి మా ఇంట్లో బల్ల మీద పెట్టాడు. "తూకానికి అమ్మ బుద్ధైతలేదన్నా. నీ దగ్గరనే ఉండనీ." కప్పే రుమాలు కూడా మడిచి దాని మీద పెట్టి వెళ్లాడు.

స్విచ్ వేశాను. తెర నల్లగా ఉంది. పొడుగ్గా, ఆగి ఆగి, అదే బీప్. మోసుకొచ్చిన కుదుపుకు ర్యామ్ కదిలి ఉంటుంది. ముక్కలు రెండూ తీసి, అంచులు రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూసి, చివరకు రెండూ బిగించాను. తెర వెలిగింది. మూడూ చిల్లర. ఆయన చివరగా పేరుస్తున్న కార్డు తెరిస్తే పెళ్లికొడుకు పేరుంది, పెళ్లికూతురి పేరున్న చోట ఖాళీ ఉంది. ఎవరో వచ్చి "అదే చాచా" అనాల్సి ఉందేమో.

నా పద్ధతి ప్రకారం ఇక మిగిలిన పని ఒకటే: ఫ్యాన్ రెక్కలు తుడవడం. వాటి మీద పాత పొగ గోధుమరంగులో పేరుకుని ఉంది. బ్రష్ చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ బల్ల మీద పెట్టి, రేకు బిగించేశాను.

ఇప్పుడు జుమ్మేరాత్ పొద్దుగూకితే నేను మిషన్ ఆపుతాను. ఫ్యాన్ నెమ్మదించి, నెమ్మదించి ఆగుతుంది. రుమాలు కప్పి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వేడెక్కిన రేకు చిల్లుల్లోంచి, రుమాలు కింద నుంచి, ఊదు వాసన సన్నగా గదిలోకి వస్తుంది.