అవ్వకు చెప్పకుండా మల్పె సముద్రానికి

నా ఫోన్‌లో ఎవరికీ చూపించని ఫొటోలు కొన్ని ఉన్నాయి. అన్నీ ఇటలీ, గ్రీస్ సముద్రం ఒడ్డున ఉండే చిన్న ఊళ్లవి. కొండ మీద తెల్లటి ఇళ్లు, కింద నీలం నీళ్లు. మాదేమో కర్ణాటకలో, ఆంధ్ర అంచున ఉండే పావగడ తాలూకా వల్లూరు. మా వైపు చెరువు నిండితే చాలు, జనం బండ్లు కట్టుకుని చూడ్డానికి పోతారు. పైగా పదహారేళ్లు నిండేదాకా నాకు నీళ్ల గండం ఉందని జాతకంలో చెప్పారట. అవ్వ నన్ను బావి దగ్గరికి కూడా పోనివ్వదు. నిజం చెప్పాలంటే నాకూ భయమే. అయినా క్రిస్మస్ సెలవుల్లో చిన్నాయన వాళ్లు ఉడుపికి పోతున్నారని తెలిసి, నేనూ వస్తానన్నాను. నాన్న ఒప్పుకున్నాడు కానీ చెవిలో ఒక మాట వేశాడు. "గుడికని చెప్పు. సముద్రం సంగతి అవ్వకు చెప్పద్దు."

నేనూ, చిన్నాయన వాళ్లూ, వాళ్ల పక్కింటివాళ్లూ కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం, తలా పదిహేను వందలు పడింది. సాయంత్రం బయల్దేరి చళ్లకెర, చిత్రదుర్గ, శివమొగ్గ, ఆగుంబె ఘాట్ మీదుగా తెల్లారేసరికి ఉడుపి చేరాం. దర్శనం చేసుకుని, వేడి వేడి అరటిపండు బన్స్ తిని మల్పె దారి పట్టాం. మా చిన్నాయన ఊళ్లో సోలార్ పార్కుకు నైట్ సెక్యూరిటీ. కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి లేచి, కొబ్బరిచెట్ల సందులో మెరుస్తున్న నీలం చూసి అన్నాడు. "ఏందిప్పా, ఈడ గూడా ప్యానెల్లు ఏసినారే! ఎన్నెకరాలు ఉండాదో!"

"గేటు యాడుండాదో చూసుకోని డ్యూటీకి పోన్నా," అన్నాడు డ్రైవర్. బండి మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. నాకూ ఒక్క క్షణం అట్లాగే అనిపించిందని మాత్రం చెప్పలేదు.

మల్పె నుంచి సెయింట్ మేరీస్ దీవికి బోటు ఉంటుంది. వానాకాలంలో తిప్పరు. టికెట్ మనిషికి మూడు, నాలుగు వందల మధ్య, అరగంట ప్రయాణం. తలనొప్పిగా ఉంది, ఒడ్డునే ఉంటానన్నాను. చిన్నాయన కూతురు భవ్య వదిలిపెట్టలేదు. "అక్కకు ఇంగ్లీషు మీడియం భయం నాయనా. లోపల వణుకుతాంటాది, బయటికి అయామ్ ఫైన్ అంటాది." రోషానికి ఎక్కేశాను.

దీవి దగ్గర పెద్ద బోటు ఒడ్డుదాకా పోదు. నీళ్ల మధ్యలోనే చిన్న బోటులోకి దిగాలి. రెండు బోట్లూ ఊగుతున్నాయి, వాటి మధ్య జానెడు నీలం తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. నా కాళ్లు కదల్లేదు. వెనక జనం ఆగిపోయారు. బోటతను "హెదరబేడమ్మా, బా," అని, భయపడద్దు రమ్మంటూ చెయ్యి చాపాడు. నాకు ఆ చెయ్యి కాదు, అవ్వ ముఖం కనిపిస్తోంది.

చిన్నాయన నాకంటే ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయనకూ ఈత రాదు, కడ్డీ పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. "కిందికి చూడాకు పాపా. చిన్నప్పుడు నాతో ప్యానెల్ల వరసల్లో నడిచేదానివి కదా, అట్ల నా ఈపు చూసుకుంటా రా." ఆయన దిగాడు. చెమటకు తడిసిన ఆ చొక్కానే చూస్తూ నేనూ దిగాను.

దీవి మీద నల్లరాళ్లు స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. మోకాళ్లదాకా నీళ్లలో నిలబడ్డాను. ఒక అల వచ్చి లంగా మొత్తం తడిపి పోయింది. నేను మాత్రం అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం చేపల పులుసు అన్నం తిని, సాయంత్రం దగ్గర్లోని కాపు బీచ్‌లో లైట్‌హౌస్ చూసుకుని తిరుగు బండెక్కాం.

మర్నాడు అవ్వ నా బ్యాగులోంచి లంగా తీసింది. అంచంతా తెల్లగా చార కట్టి ఉంది. వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

"ఏమ్మే, యాడిదాకా దిగినావు?"

"మోకాళ్లదాకా అవ్వా."

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత లంగాను బక్కెట్లో ముంచింది. "సరే పో. మీ నాయనకు చెప్పాకు, భయపడతాడు."

ఆ ఫొటోలు ఇప్పటికీ ఫోన్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు వాటిలో నీలం కంటే ముందు, బోటెక్కే చోటు ఎక్కడుందా అని వెతుకుతున్నాను. మీరూ పోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సముద్రంలో తడిసిన బట్టల్ని అక్కడే మంచినీళ్లలో జాడించి తెచ్చుకోండి, ముఖ్యంగా ఇంట్లో చెప్పకుండా పోయుంటే.