దేవుని తిత్తి

నలభై రెండో ఏట ప్రకాశం పంతులు హీబ్రూ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు. పలక మీద, బలపంతో. అది 1939. పగలంతా చర్చి బడిలో పిల్లలకు ఓనమాలు చెప్పేవాడు. సాయంత్రం ఉప్పుగూడ స్టేషను వెనక ఉన్న తన రెండు గదుల ఇంటికి వచ్చి, కోటు విప్పి మేకుకు తగిలించి, అరుగు మీద కూర్చుని తానే ఓనమాలు నేర్చుకునేవాడు. కుడి నుంచి ఎడమకు రాయడం ఆయనకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో చదువుకున్నవాడు, ఉర్దూ వచ్చు. అక్షరాలు మాత్రం మొండిగా ఉండేవి. ఒకటి రాస్తే ఇంకొకటిలా కనబడేది. తుడిచి మళ్లీ రాసేవాడు.

లోపల భార్య పుష్పమ్మ వంట చేస్తుండేది. ఏం రాస్తున్నావని అడిగేది కాదు.

ఏడాది కింద వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ ఎస్తేరు టైఫాయిడుతో పోయింది. తొమ్మిదేళ్లు. నలభయ్యో నాడు సంఘం వాళ్లు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. ప్రకాశమే వాక్యం చదివాడు. దావీదు కీర్తనల్లో యాభై ఆరవది. నా కన్నీళ్లను నీ బుడ్డిలో ఉంచుకున్నావు దేవా, అని అందులో ఒక మాట. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న పుష్పమ్మ తలెత్తింది.

"ఎంతుంటది ఆ బుడ్డి?"

ఎవరూ మాట్లాడలేదు.

"నిన్నే అడుగుతున్న. అత్తరు బుడ్డంతుంటదా? దవాఖానల ఇచ్చిన మందు సీసంతుంటదా? దానికి కాయిదం పట్టీ అంటించి ఇచ్చిండ్రు, పూటకింత అని. నా ఏడుపుకు గూడ దేవుడు పట్టీ అంటించిండా?"

ప్రకాశం పుస్తకం మూశాడు.

ఆ రోజు నుంచి పుష్పమ్మ పాడటం మానేసింది. అంతకు ముందు ఆ చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. బడి గంట లాంటి గొంతు. తర్వాత కూడా ప్రతి ఆదివారం వచ్చేది, ఆడవాళ్ల చాప చివర కూర్చునేది. పెదవులు కదిపేది కాదు. ఇంట్లో కూడా అవసరమైన మాటలే మిగిలాయి. అన్నం పెట్టిన. నీళ్లు కాగినయి. తలుపేస్కో. అడిగినదానికి జవాబు దొరికేదాకా తన ఇంటికి మాట తిరిగి రాదని ప్రకాశానికి తెలిసింది. బుడ్డి అన్నది తెలుగు చేసినవాళ్ల మాట. దావీదు ఏమన్నాడో చూడాలనుకున్నాడు.

చార్మినారు వెనక సందులో అబ్దుల్ వాహెద్ అని పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ఉండేవాడు. గాజుల దుకాణాలు దాటి, ముత్యాలకు రంధ్రాలు వేసేవాళ్లను దాటి వెళితే, చివర ఒక గుహ లాంటి కొట్టు. అక్కడే ప్రకాశానికి ఒక హీబ్రూ వేదగ్రంథం, అట్టలేని ఒక నిఘంటువు దొరికాయి. ఎవరో దొర తన దేశం వెళ్లిపోతూ తూకానికి అమ్మిన సామానులో వచ్చాయట.

"ఏంది మాస్టర్ సాబ్," అన్నాడు వాహెద్ నవ్వుతూ, "యహూదుల జబాన్ నేర్సి ఎక్కడికి పోతరు? జెరూసలేముకా?"

"ఇంట్లకే పోవాలె, వాహెద్ భాయ్."

"ఇంట్లకు పోనీకి గింత లావు కితాబా? మీ బేగం సాబ్ మస్తు గట్టిదున్నట్టుంది."

వాహెద్‌కు అరబీ బాగా వచ్చు. వారానికి ఒకసారి ప్రకాశం వెళ్లి ఆ వచనాన్ని కూడబలుక్కుని చదివేవాడు. వాహెద్ కళ్లు మూసుకుని వినేవాడు. ప్రకాశం 'దిమ్‌ఆ' అని చదివిన రోజు ముసలాయన కళ్లు తెరిచాడు.

"దమ్అ! కన్నీళ్లు! మా అరబీల గూడ గదే నాయె. ఇంకోపాలి సదువు."

ప్రకాశం మళ్లీ చదివాడు. నా కన్నీటిని నీ 'నోద్'లో ఉంచు. నోద్ దగ్గర వాహెద్ తల అడ్డంగా ఊపాడు. "గిది మాకు దొరకదు. నువ్వే ఎతుక్కో."

వెతకడానికి మరో రెండు నెలలు పట్టింది. నిఘంటువులో ఆ పేజీ సగం చినిగి ఉంది. మిగిలిన సగంలో అర్థం లేదు, వేదగ్రంథంలో ఆ మాట వచ్చే చోట్ల అంకెలు మాత్రం ఉన్నాయి. ప్రకాశం ఒక్కొక్కటే తీసి చూశాడు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సేనానికి ఒక స్త్రీ నోద్ విప్పి పాలు పోసింది. దూరం నుంచి వచ్చినట్టు నటించేవాళ్లు చినిగిపోయి, కుట్లు వేసిన పాత నోద్‌లు గాడిదల మీద వేసుకొచ్చారు. బాధపడే మనిషి ఒకడు, పొగలో వేలాడే నోద్ లాగా అయ్యాను అన్నాడు.

గాజు చినగదు. గాజును ఎవరూ కుట్టరు. పొగకు ముడుచుకునేది గాజు కాదు.

తోలు. తోలు తిత్తి.

ప్రకాశం పలక పక్కన పెట్టాడు. లోపలికి వెళ్లి చెప్పవలసిన మాట దొరికింది. ఆ ఇంట్లో పలకకూడని మాట కూడా అదే.

ప్రకాశం తాత తోలు పని చేసినవాడు. తండ్రి బాప్తిస్మంతో పాటు ఆ పని వదిలాడు. ఆ సంఘంలో చాలామంది కథ అంతే. వదిలినవాళ్లు దాని పేరు ఎత్తేవాళ్లు కాదు. పుష్పమ్మ తండ్రి బుచ్చయ్య మాత్రం బాప్తిస్మం తీసుకున్నాడు గాని పని వదల్లేదు. తోళ్ల మండీలో ఉండి, నీళ్లు మోసే భిస్తీలకు తిత్తులు చేసేవాడు. పెళ్లి నాడు చర్చి రిజిస్టరులో మామ వృత్తి దగ్గర ప్రకాశం 'వ్యాపారం' అని రాశాడు. ఇంటికొచ్చాక భార్యతో అన్నాడు, మీ బాపు పని ముచ్చట ఇక్కడ తియ్యకు అని. ఆమె తియ్యలేదు. పెళ్లయిన కొత్తలో బుచ్చయ్య ఎప్పుడైనా వచ్చి కూర్చుని వెళితే, ప్రకాశం తల్లి ఆ చాప ఉతికి ఆరేసేది. పుష్పమ్మ చూసేది. బుచ్చయ్య పోయి ఎనిమిదేళ్లయింది. ఆ సంగతి కూడా ఆ ఇంట్లో పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

కాబట్టి ప్రకాశం భార్యను అడగలేదు. తిత్తిని చూడటానికి భిస్తీని వెతుక్కుంటూ పోయాడు.

ఒకప్పుడు వెతకనక్కర ఉండేది కాదు. సాయంత్రం నాలుగు దాటితే చార్మినారు చుట్టూ భిస్తీలు వరసగా వంగి నడుస్తూ బాట మీద నీళ్లు చల్లేవాళ్లు. ఎండకు కాలిన మట్టి వాసన ఒక్కసారి లేచేది. దుకాణదారులు మాట ఆపి ఆ వాసన పీల్చేవాళ్లు. ఇళ్లకు నల్లా నీళ్లు వచ్చాక ఒక్కొక్కరే తగ్గారు. ప్రకాశానికి దొరికినాయన జహంగీర్. అరవై దాటినవాడు. మసీదు బావి దగ్గర తిత్తి దింపి మెట్టు మీద కూర్చున్నాడు.

"చూడొచ్చునా?" అని అడిగాడు ప్రకాశం.

"సూడు. మష్కుకు టికెట్ లేదు," అన్నాడాయన, తిత్తిని ఆ పేరుతోనే పిలుస్తూ.

నల్లగా, తడిగా, నిండుగా, పడుకున్న మేకలా ఉంది. ప్రకాశం చేయి వేసి చూశాడు. చల్లగా తగిలింది. జానలతో కొలిచాడు. జహంగీర్‌కు నవ్వొచ్చింది.

"షేర్వానీ కుట్టిస్తవా దానికి?"

"ఎట్ల చేస్తరు దీన్ని?"

"చేసుడు నాకేమెర్క భాయ్. నాకు మోసుడే ఎర్క. చేసెటోళ్లు పోయిండ్రు. తోళ్ల మండీల బుచ్చయ్య అని ఉండె. గిది ఆయన చేతిదే. పదకొండేండ్లాయె, ఒక్క సుక్క కారలే. గసొంటి కారీగర్ మళ్ల పుట్టడు. ఆయనకొక్క బిడ్డ. ఎవరో పంతులుకు ఇచ్చిండంట. పాపం, పండుగకు గూడ బిడ్డ దగ్గరికి పోయెటోడు కాదు. ఎందుకు పోవంటే నవ్వెటోడు, సప్పుడు చేసెటోడు కాదు."

ఆ పంతులు తానేనని చెప్పాలి. కాని ప్రకాశం తిత్తి మీద నుంచి చేయి తీసి, సలాం చెప్పి వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి పుష్పమ్మ బియ్యం ఏరుతోంది. ప్రకాశం కోటు విప్పకుండానే ఎదురుగా కింద కూర్చున్నాడు.

"బుడ్డి కాదు పుష్పమ్మా. తిత్తి."

ఆమె చేయి ఆగింది.

"ఎవలన్నరు?"

"దావీదే అన్నడు. మనోళ్లు బుడ్డి అని రాసిండ్రు. నేను జహంగీర్ అనే భిస్తీ దగ్గర చూసొచ్చిన. మీ బాపు చేసిన తిత్తి మోస్తున్నడు. ఇంకా కారుతలేదంట."

"అల్లున్నని చెప్పినవా?"

"లేదు."

"సెప్పవులే." ఆమె మళ్లీ బియ్యం వైపు చూసింది. "ఈ ముక్క కోసం ఏడాది పొద్దు పలక అరగదీస్తివి. తిత్తి అంటే ఏందో ఈ ఇంట్ల ఒక మనిషికి ఎర్కనే ఉండె. లోపలికొచ్చి అడగకపోతివి."

ప్రకాశం తల దించుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్న."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మొదట బియ్యంతో చెబుతున్నట్టు, తర్వాత ఆయనతో. పెరట్లో తోళ్లు పదును చెయ్యడానికి తంగేడు చెక్క, అంటే బెరడు, నానేసిన కుండీలు. ఆ వాసన తన చిన్నప్పటి బట్టలన్నిటికీ ఉండేదట. మేక తోలు ఎక్కడా కొయ్యకుండా చొక్కా విప్పినట్టు తియ్యాలి. కుట్టయ్యాక బాపు నోటితో ఊది, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, గాలి ఎక్కడన్నా పోతోందా అని. తనకు కూడా వినమని ఇచ్చేవాడు. కొత్త తిత్తిలో మొదటి నీళ్లు వగరుగా ఉంటాయని బాట మీద చల్లేవాళ్లు, తాగడానికి ఇచ్చేవాళ్లు కాదు.

"రెండు బిందెల నీళ్లు వడ్తయి. సాలునా? ఎంతుంటదో ఎర్కయిందా?" అంది. ఆగి, నెమ్మదిగా అంది. "బుడ్డిని అల్మారల పెట్టి మర్సిపోవచ్చు. తిత్తిని అట్ల పెడ్తే పగుల్తది. నిండుగ వీపు మీదేస్కొని తిరగాలె. తిత్తి మోసెటోని వీపు ఎన్నడు ఆరదు అనేటోడు బాపు."

బయట కర్నూలు రైలుబండి వెళ్లింది.

"ఆ దేవుని వీపు గూడ తడిసి ఉన్నదా మరి?"

నిఘంటువులో అది లేదు. పుష్పమ్మ చాట పక్కకు జరిపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బిడ్డ పోయాక ఆమె ఆయన ముందు ఏడవడం అదే మొదలు.

కళ్లు తుడుచుకున్నాక అంది. "ఇక్కడ నాకు చెప్పుడు కాదు. మందిల చెప్పు."

రెండు ఆదివారాల తర్వాత ప్రకాశానికి వాక్యం చెప్పే వంతు వచ్చింది. ఆ వచనాన్ని మొదట హీబ్రూలో చదివాడు. తర్వాత తెలుగులో, బుడ్డి దగ్గర తిత్తి అని. అది ఏ తోలుతో చేస్తారో, ఆ తోలును ఎన్నాళ్లు నానబెడతారో, ఎలా మోస్తారో చెబుతుండగా ముందు వరసలో సంఘ పెద్ద మల్లన్న లేచాడు.

"పంతులూ, ఆపు. మేం తోలు ముట్టక ముప్పై ఏండ్లాయె. ఊరంత మర్సిపోయింది. నువ్వు దాన్ని దేవుని చేతులనే పెడ్తివా?"

"చేతుల కాదు మల్లన్నా. వీపు మీద."

వెనక ఎవరో నవ్వి, దగ్గుతో కప్పుకున్నారు. మల్లన్న మొహం ఎర్రబడింది.

"కితాబుల సదివి మాట్లాడుతున్నవు. తిత్తి సంగతి నీకేమెర్క?"

ప్రకాశం పుస్తకం బల్ల మీద పెట్టాడు. ఆడవాళ్ల చాప వైపు చూడలేదు.

"మా మామ బుచ్చయ్య తిత్తులు చేసెటోడు. తోళ్ల మండీల. నేను రిజిస్టర్ల వ్యాపారం అని రాసిన. తప్పు రాసిన. ఆయన చేసిన తిత్తి ఇప్పటికీ మసీదు బావి కాడ నీళ్లు మోస్తున్నది. పోయి చూడుండ్రి."

మల్లన్న నిలబడే ఉన్నాడు. బుచ్చయ్య ఆయనకు తెలియనివాడు కాదు, ఒకే మండీలో పుట్టినవాళ్లు. కొంతసేపటికి, "పాట పాడుండ్రి," అని కూర్చున్నాడు. పాట పాడారు. పుష్పమ్మ పాడలేదు.

ఆ తర్వాత రెండేళ్లు ప్రకాశాన్ని వాక్యం చెప్పమని ఎవరూ పిలవలేదు. ఆయన బడిలో పిల్లలకు చెప్పుకున్నాడు. కొందరు ఆదివారం చాపల మీద ఆయన పక్కన కూర్చోవడం మానేశారు. కొందరు కొత్తగా వచ్చి కూర్చున్నారు.

తిత్తి మాట చెప్పిన ఆ ఆదివారం ఇద్దరూ చర్చి నుంచి ఇంటికి నడిచి వెళ్లారు. ఎప్పటిలాగే ఆయన ముందు, ఆమె పది అడుగులు వెనక. సగం దారిలో వెనక నుంచి ఆమె గొంతు వినబడింది.

"తోలును చెక్క నీళ్లల పది దినాలు నానవెడ్తరంటివి. ఎవలు చెప్పిండ్రు నీకు?"

"నువ్వే అంటివి."

"నేనన్ననా? ఇరవై దినాలు! పది దినాలకు ఏమైతది, చెప్పు తోలు గూడ కాదు. మా బాపు వింటే నవ్వుతడు."

ఆమె నడక పెంచి ఆయన పక్కకు వచ్చింది. మల్లన్న వాళ్ల ఇల్లు దాటుతున్నారు. గుమ్మంలో వాళ్ల కోడలు నిలబడి చూస్తోంది. పుష్పమ్మ గొంతు తగ్గించలేదు. ఇంకా ఏమేం తప్పు చెప్పాడో ఒకటొకటే చెబుతూ, మా బాపు, మా బాపు అంటూ, ఉప్పుగూడ రైలు గేటు దాకా మాట్లాడుతూనే ఉంది.