లోవమ్మ పెంకులకు తగిన ఇంగ్లీషు మాట

"పగిలిపోయేదాన్ని పగిలిపోద్దని రాయడానికి మూడ్రోజులెందుకండీ టీచరుగారూ?"

1951 జూలైలో ఒక సాయంత్రం కొత్తపేటలో, కృపావతి అద్దెకుంటున్న ఇంటి అరుగు మీద కూర్చుని కుమ్మరి లోవమ్మ అడిగిన మాట ఇది. మర్యాదకు లోటు లేదు, ఓపికకే లోటు. ఓపిక లేకపోవడానికి కారణం ఆమె కొంగున మడిచి ఉంది. కాకినాడ నుంచి వచ్చిన ఇంగ్లీషు కాగితం అది.

సంగతి ఇదీ. అమలాపురం దగ్గర పశువుల ఆసుపత్రికి షెడ్లు కడుతున్నారు. కప్పుకు పదివేల పెంకులు లోవమ్మ ఇచ్చింది. వెయ్యికి ఇరవై రూపాయల చొప్పున రెండువందలు రావాలి. పెంకులు కాంట్రాక్టరు పడవెక్కి, పడవ దిగి, బండెక్కి అక్కడికి చేరేసరికి పాతికవందల దాకా ముక్కలయ్యాయి. షెడ్లు కడుతున్న కాంట్రాక్టరు దొరబాబు, సరుకే నాసిరకమని పై ఆఫీసుకు రాసేశాడు. ఆఫీసులో ఇంజనీరు తమిళుడు, తెలుగు చదవలేడు. పది రోజుల్లో ఇంగ్లీషులో సంజాయిషీ ఇవ్వకపోతే బిల్లు మొత్తం రద్దని ఆయన కాగితం. మొగుడు పోయాక పెంకుల ఆవం కాల్చే పని ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషికి ఆ రెండువందలూ పోతే వచ్చే ఏడు కట్టెలు కొనే దారి లేదు.

కృపావతి ఆడపిల్లల బళ్ళో ఇంగ్లీషు చెప్పేది. అప్పటికి ముప్ఫై రెండేళ్ళు. ఊళ్ళో అర్జీలూ జవాబులూ ఎవరికి కావలసినా పైసా పుచ్చుకోకుండా రాసిపెట్టేది. అందుకని కొందరు ఆమెను కరుణామయి అనేవారు. ఆ మాటలో నిజం తక్కువ. తప్పు ఇంగ్లీషు చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది, అంతే. కోర్టు అరుగుల మీద అర్జీకి అర్ధరూపాయి తీసుకుని, 'అత్యంత వినయవిధేయతలతో' అని మొదలుపెట్టి అసలు విషయం మర్చిపోయే రాతగాళ్ళంటే ఆమెకు చెప్పలేనంత చిరాకు.

ఇంగ్లీషు ఆమెకు పుస్తకాల్లోంచి కాక, ముందు వంటింట్లోంచి వచ్చింది. తండ్రి నరసాపురంలో ఒక దొరసాని బంగళాలో వంటవాడు. సీమ నుంచి గడ్డిలో చుట్టిన పింగాణీ పెట్టెల్లో వచ్చేది. పెట్టె మీద నల్లరంగుతో ఫ్రాజైల్ అని ఉండేది. ఆమె చదివిన మొదటి ఇంగ్లీషు మాట అదే. ఆ పెట్టె దించేటప్పుడు బంగళాలో ఎవరూ దగ్గేవారు కూడా కాదు.

ఇప్పుడు ఆ మాటే రాసెయ్యవచ్చు. కానీ ఆమె దగ్గర అట్ట ఊడిన నిఘంటువులో దానికి చుట్టాలు అరడజను ఉన్నాయి. ఫ్రెయిల్ అంటే జ్వరం పడి లేచిన ముసలమ్మ. దాన్ని పెంకుకు అంటగడితే ఇంజనీరు నవ్వుతాడు. డెలికేట్ అంటే సన్నని నేత, పసిపిల్ల చర్మం. వాన కాయవలసిన పెంకుకు అది పొగడ్త కాదు, అపకీర్తి. ఫ్లిమ్సీ అంటే నాసిరకమే, అది రాస్తే మన గొయ్యి మనమే తవ్వుకున్నట్టు. చివరికి రెండు మిగిలాయి: ఫ్రాజైల్, బ్రిటిల్. మొదటిది లాంతరు చిమ్నీ. వస్తువు మంచిదే, పట్టుకునే చెయ్యి మంచిదై ఉండాలి. రెండోది మాడిన అప్పడం. ఎంత మెల్లగా పట్టుకున్నా విరుగుతుంది. తప్పు దానిదే, లేదా దాన్ని వేయించినవాళ్ళది. మొదటిది రాస్తే తప్పు బండివాడి మీదికీ దొరబాబు మీదికీ పోతుంది. రెండోది రాస్తే లోవమ్మ మెడకు చుట్టుకుంటుంది.

"మంచి మాటే రాసేయండి మరి," అంది లోవమ్మ, ఇదంతా విని.

"నీ పెంకు నేను చూడలేదు కదా లోవమ్మా."

"పెంకులో చూడ్డానికేముందండీ! మీ నెత్తిమీదున్నాయి, చూడండి."

శనివారం మధ్యాహ్నం బడి కాగానే కృపావతి గొడుగు పుచ్చుకుని వాడపాలెం దారిలో ఉన్న ఆవం దగ్గరికి నడిచింది. పదివేలూ మూడు విడతలుగా కాల్చినవి, మొదటి రెండింట్లో ఏడువేలు, మూడోదాంట్లో మూడువేలు. ఒక్కో విడతలోనూ పంపగా మిగిలిన పెంకులు వేరువేరుగా పేర్చి ఉన్నాయి. లోవమ్మ మొదటి విడత పెంకు ఒకటి తీసి వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది. రెండో విడతదీ ఖంగుమంది. మూడో దొంతర వైపు మాత్రం ఆమె చెయ్యి పోలేదు. కృపావతే వంగి ఒకటి తీసుకుంది. కొడితే తడిసిన చెక్కను కొట్టినట్టు టప్పుమంది. మూల పట్టుకుని పైకెత్తితే ఆ మూల చేతిలోకొచ్చింది, పెంకు కింద పడింది.

"ఇదేంటి లోవమ్మా?"

లోవమ్మ కింద పడిన పెంకు తీసి దొంతర మీద పెట్టింది. "ఆవం చల్లారడానికి నాలుగ్రోజులు పడద్దండీ. దొరబాబుగారొచ్చి, పడవ కట్టేసుంది, ఇవాళ తియ్యకపోతే సరుకు అక్కర్లేదన్నారండి. రెండో రోజే తీసేమండి. వేడి పెంకు మీద జల్లు పడిందండి."

"ఈ మాట మొదటే చెప్పొచ్చుగా!"

"చెప్తే మీరు రాసేస్తారని భయమండీ."

"రాసేస్తాను."

"అమ్మగారండీ! నా నోట్లో మన్ను కొట్టకండి. అంతా మంచి మాటే రాయండి. ఎవరొచ్చి చూస్తారండీ?"

నీతులు చెప్పడం కృపావతికి చేతకాదు. లెక్క చెప్పడం వచ్చు. "అంతా మంచిదని రాశామనుకో. ఆయన మూడో విడత పెంకు ఒక్కటి చేతిలోకి తీసుకున్నాడంటే నీ ఏడువేలూ అబద్ధమైపోతాయి. మూడువేలు పోగొట్టుకుంటావా, పదివేలు పోగొట్టుకుంటావా?"

లోవమ్మ విసురుగా ఆవం అవతలికి వెళ్ళిపోయింది. కానీ సోమవారం పొద్దున్నే వచ్చి కాగితం కింద వేలిముద్ర వేసింది, మొహం పక్కకు తిప్పుకుని.

ఉత్తరం ఒక్క పుటే. వినయం ఒక్క వాక్యం. మొదటి రెండు విడతల ఏడువేల పెంకులు ఫ్రాజైల్, మంచి పెంకులన్నీ అలాగే ఉంటాయి, పడవలో గడ్డి పరవకుండా పేర్చారు. మూడో విడత మూడువేలు బ్రిటిల్, కారణం ఇది, తొందరపెట్టినవారు వీరు. నమ్మకం లేకపోతే తమరే వచ్చి వేలి కణుపుతో కొట్టి చూడండి, ఏ శబ్దానికి ఏ మాటో చెవే చెబుతుంది.

ఈ సంగతి దొరబాబుకు తెలిసింది. బజారులో ఎదురుపడి, "బళ్ళో పిల్లలకి స్పెల్లింగులు చెప్పుకోక పెంకులతో మీకేం పనండీ టీచరుగారూ?" అన్నాడు.

"స్పెల్లింగు సరిగ్గానే రాశానండీ. మీ పేరుతో సహా," అంది కృపావతి.

ఉత్తరం వెళ్ళిన పదకొండో రోజున ఇంజనీరు నిజంగానే వచ్చాడు. అమలాపురంలో షెడ్డు పక్క బురదలో, ప్యాంటు పైకి మడుచుకుని గొంతుక్కూర్చుని, పెంకు తరవాత పెంకు తీసి కణుపుతో కొట్టుకుంటూ పోయాడట. దొరబాబు గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డాడు. గంటసేపు కొట్టాక ఆయన గుమస్తాను పిలిచి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన బల్ల మీదికి వచ్చిన సంజాయిషీల్లో తమ సరుకును ఎక్కడ నమ్మకూడదో రాసినవాళ్ళే చెప్పిన సంజాయిషీ ఇదొక్కటేనన్నాడు. ఆ మాట మెప్పుకోసమన్నది కాదు. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించాడు.

ఏడువేల పెంకుల ధర, పగిలినవాటితో సహా, నూటనలభై రూపాయలు ఆఫీసే ఇవ్వాలి. మూడో విడత ధర అరవైలో సగం లోవమ్మ వదులుకోవాలి, చల్లారకముందే ఆవం తీయించినందుకు మిగతా సగం దొరబాబు కట్టాలి. కబురు విని లోవమ్మ అరుగు మీద కూలబడి, "చెడ్డ మాటకి కూడా డబ్బులిస్తారాండీ!" అంది. కృపావతి పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుకుంటూ, "మాటకి కాదు, పెంకులకి," అంది.

ఆఫీసు సొమ్ము సెప్టెంబరులో మనియార్డరుగా వచ్చింది. దొరబాబు ముప్ఫై రూపాయలూ దీపావళికి ఇస్తానన్నాడు. 1957 దీపావళి కూడా వెళ్ళిపోయింది. ఆయన ఇంకా ఇవ్వలేదు.