బుధవారం వినబడే హైదరాబాదు

మొన్న ఇద్దరు మనుషులు గ్యాస్ కట్టరుతో వచ్చి, మా ఇంటి పక్కనున్న రేడియో టవరును ముక్కలుగా కోసి, పాత ఇనుము బండిలో వేసుకుపోయారు. తుప్పు పట్టింది, ఎవరి నెత్తిన పడుతుందోనని వీధివాళ్ళు చాలాకాలంగా అంటూనే ఉన్నారు, నేనే రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అంటూ నెట్టుకొచ్చాను. రేడియో కోసం పెంకుటింటి మీద రాగితీగ కట్టిన రోజులు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అయినా ఒక్క మనిషి వినడం కోసం ఏకంగా టవరే వేయించడం మీకు కూడా కాస్త వెర్రిగానే తోచవచ్చు.

రైల్వేలో సిగ్నళ్ళ పని నుంచి రిటైరయి, సూరత్‌లోనే ఉధ్నా పేట మరమగ్గాల షెడ్ల వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నాక, అమ్మను ఖమ్మం వైపు మా ఊరి నుంచి తెచ్చుకున్నాను. అప్పటికే ఆమెకు చూపు పోయింది. వీధిలో గుజరాతీ, ఇంట్లో మనవల నోట హిందీ, ఇక నేనూ నా భార్యా ఆమెతో మాట్లాడేదల్లా అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా అన్నంత వరకే. ఊళ్ళో ఉండగా పొద్దుగూకగానే హైదరాబాదు స్టేషను పెట్టుకుని, వార్తలు చదివే ఆయనకు మధ్యమధ్య జవాబు కూడా చెబుతూ కూర్చునేది. ఇక్కడికి వచ్చిన కొన్నాళ్ళకే ఆమె మాట సన్నగిల్లింది, తర్వాత తిండి. ఒకరోజు కంచం పక్కకు జరిపి, "పెద్దోడా, నాకీడ చెవులుండీ లేనట్టేరా, పంపించెయ్" అంది. పంపుదామంటే అక్కడ చూసుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

అందుకని సంక్రాంతి గాలిపటాల గోల సద్దుమణిగాక, ఇనుప పైపులు ఒకదానిమీద ఒకటి బిగించి, మూడు వైపులా తీగలతో లాగి కట్టి, ఇంటి పక్కన టవరు నిలబెట్టించాను. ఎదురింటి గుజరాతీ ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని, "భాయ్‌సాబ్, బిజిలీ గిరేగీ తో పహలే మేరే ఘర్ పే గిరేగీ" అని, పిడుగంటూ పడితే తన ఇంటి మీదే పడుతుందని ఒక పూటంతా దెబ్బలాడింది. పిడుగు పడితే భూమిలోకి దిగిపోయే ఏర్పాటు చూపించాక గాని లోపలికి వెళ్ళలేదు. ఆ సాయంత్రం అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి రేడియో పెడితే, హైదరాబాదు ఉండవలసిన చోట బుర్రుమనే మోత తప్ప ఏమీ లేదు. పక్క గదిలో అద్దెకుండే కరీంనగర్ వైపు మగ్గం పనివాడు తీగలు లాగడానికి సాయం వచ్చినవాడల్లా నవ్వేసి, "గా మోత మా మగ్గాల కరెంటుదే సారూ, మీ రేడియోల గూడ బట్ట నేస్తున్నం" అన్నాడు.

బుధవారం మగ్గాలకు సెలవు. ఆ సాయంత్రం మోత లేదు, తెలుగు వార్తలు దూరపు బావిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపించాయి. అమ్మ రేడియో వైపు వంగి, "ఆఁ, చెప్పు" అంది. ఎన్నో వారాల తర్వాత ఆమె తనంతట తాను ఎవరితోనో మాట్లాడటం అదే మొదలు. అప్పటి నుంచి బుధవారం వస్తే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని, మధ్యాహ్నం నుంచే సిద్ధంగా కూర్చునేది. మిగతా రోజులు, "ఇయ్యాల ఆపిండ్రా?" అని అడిగి, లేదంటే గోడవైపు తిరిగి పడుకునేది. పైపు ఇంకొకటి ఎక్కించాను, తీగ దిక్కు మార్చాను, నాకు తెలిసినవన్నీ చేశాను. మోత ముందు ఏదీ నిలవలేదు. సాయంత్రం ఒక్క అరగంట ఆపగలరేమో మగ్గాల సేటును అడుగుదామంటే, ఆ పనివాడు తల అడ్డంగా ఊపి, "మగ్గం ఆగితే మా కడుపు గూడ ఆగుతది సారూ" అన్నాడు.

వానలు వెనకబట్టాక అమ్మకు జ్వరం వచ్చి తగ్గి, మళ్ళీ వచ్చింది. పనివాడు ఆమె మంచం దగ్గర కూర్చుని, "అవ్వా, దివాలికి మగ్గాలన్నీ బందే, మేమంత ఊళ్ళకు పోతం. దినాం రేడియో ఇందువు గని, జర తిను" అని చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఆమె గంజి తాగింది, దీపావళి ఎంత దూరముందో నా భార్యను మళ్ళీ మళ్ళీ అడిగింది. పండుగ ఇక వారం ఉందనగా, మగ్గాలు జోరుగా నడుస్తున్న ఒక మధ్యాహ్నం, "ఆపిండ్రా?" అంది. ఇంకా లేదమ్మా అన్నాను. అదే ఆమె ఆఖరి మాట, పొద్దుగూకకముందే పోయింది. ఆనాటి నా డైరీలో తేదీ కింద ఎండ కాసిందని మాత్రమే ఉంది.

దీపావళికి షెడ్లన్నీ మూతపడ్డాయి. వారానికోసారి పెట్టే అలవాటు కొద్దీ నా భార్య రేడియో తిప్పితే, వార్తలు చదివే ఆయన కాగితం తిరగేసిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. పెట్టమని ఎవరూ అడగలేదు, కట్టేయడానికీ ఎవరమూ లేవలేదు. సెలవులన్ని రోజులూ అలాగే వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ మగ్గాలు ఊరి బయట పల్సానా వైపు తరలిపోయాయి, మా వీధిలో వారమంతా బుధవారమే. మనవరాలు నా ఫోనులో హైదరాబాదు ఏ వేళనైనా వినిపించేలా పెట్టి ఇచ్చింది, టవరూ అక్కర్లేదు, తీగా అక్కర్లేదు. సాయంత్రం కాసేపు పెట్టుకుంటాను. వార్తలు మొదలవుతాయి, అయిపోతాయి. మధ్యలో "ఆఁ, చెప్పు" అనేవాళ్ళు ఈ ఇంట్లో లేరు.