రేసు కారులో వేదవ్యాస్ సీటు

నందిగామ రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసిన రామచంద్రమూర్తిని పాతికేళ్లలో ఎవరూ బదిలీ చెయ్యలేకపోయారు. అదేదో పనితనం అనుకునేరు! ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో ఆయనకు తప్ప నరమానవుడికి తెలియదు. కొత్తగా వచ్చిన ప్రతి ఆఫీసరూ నెల తిరక్కుండా ఆ సంగతి గ్రహించి నోరు మూసుకునేవాడు.

కొడుకు వేదవ్యాస్‌కి ఆయన పంచిన ఆస్తి ఆ విద్యే. 2002లో అతను మద్రాసు బస్సెక్కుతుంటే కిటికీ దగ్గరికొచ్చి మరీ చెప్పాడు.

"నీ పని ఇంకోడికి నేర్పావా, నీతో వాళ్లకి అవసరం తీరిపోయినట్టే. గుర్తుపెట్టుకో."

వేదవ్యాస్ చదివింది కంప్యూటర్ సైన్సు. మనసు మాత్రం చిల్లకల్లు హైవే మీద మేనమామ మారుతీ కారు తను నడిపిన రోజు నుంచీ స్టీరింగు మీదే ఉంది. మద్రాసులో దొరికిన ఉద్యోగం ఏడాదికే మానేసి రేసు డ్రైవింగు నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. లైసెన్సుంటే సరిపోతుందా, కారుండొద్దూ? కార్లున్నవాడు వరప్రసాదరావు, ఒక రేసు టీము యజమాని.

"ముందు మా కంప్యూటరు సంగతి చూడవయ్యా. సీటు ఖాళీ అయితే నీదే," అన్నాడాయన.

కారు ఏ మలుపులో ఎంత ఆలస్యమైందో చెప్పే ప్రోగ్రాము రాశాడు వేదవ్యాస్. తండ్రి మాట జవదాటకుండా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా అర్థం కాకుండా రాశాడు. ఎలా వాడాలో ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు.

రెండో ఏడు, రేసు నాలుగు రోజులుందనగా డ్రైవరు చెయ్యి విరిగింది. వేదవ్యాస్ హెల్మెట్ పట్టుకుని పరిగెత్తాడు.

"నువ్వు కార్లో కూర్చుంటే కంప్యూటరు ముందు ఎవరు కూర్చుంటారు?" అన్నాడు వరప్రసాదరావు.

"ప్రేమదాసుకి నేర్పుతా సార్!"

ప్రేమదాసు టీములో మెకానిక్కు, చురుకైనవాడు. అయినా ఆ చిక్కుముళ్లు నాలుగు రోజుల్లో విడేవి కావు. సీటు ఇంకొకడు తన్నుకుపోయాడు. వాడు ప్రతి మలుపులోనూ ఎంత నెమ్మదిగా పోతున్నాడో అంకెలతో సహా చూస్తూ కూర్చున్నాడు వేదవ్యాస్. తను వాడికన్నా వేగంగా నడపగలడని అతనికి తెలుసు.

ఆ దెబ్బతో బుద్ధొచ్చింది. ఆరు నెలలు కూర్చుని ప్రోగ్రామంతా తిరగరాశాడు. ప్రేమదాసుకి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు నేర్పాడు. తరవాతి సీజను మొదలవకముందే యజమాని దగ్గరికెళ్లాడు.

"సార్, ఇక కంప్యూటరుకి నేను అక్కర్లేదు."

"ప్రేమదాసు చెప్పాడయ్యా. మంచి పని చేశావు. నెలాఖరుదాకా ఉండి వెళ్లు."

"మరి సీటు, సార్?"

"దానికి డబ్బు పెట్టే స్పాన్సర్ని వెంటబెట్టుకుని ఒకబ్బాయి వచ్చాడు."

ఇప్పుడు వేదవ్యాస్ కంచికచర్ల దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతున్నాడు. నందిగామ నుంచి బస్సులో పోయి వస్తాడు. రామచంద్రమూర్తి "నే చెప్పలేదూ?" అని ఒక్కసారి కూడా అనలేదు. అయినా మోసం చేసిన వరప్రసాదరావు మీదకన్నా, ఆ తండ్రి మీదే అతనికి మంట ఎక్కువ. ఆయన మాట విని ఒకసారి చెడ్డాడు, వినక ఇంకోసారి చెడ్డాడు.

ఒకరోజు తల్లి ప్రసూనాంబ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"పోనీ ఆ రేసు కారు ఒక్కసారన్నా నడిపావుట్రా?"

"నడిపానమ్మా. లారీలోంచి కిందికి దించేటప్పుడు."

"పోనీలే నాయనా, ఆ ముచ్చటన్నా తీరింది," అంటూ ఆవిడ ఇంకాస్త నెయ్యి వేసింది.